1941 డిసెంబరులో ఒక వారం

రెండవ ప్రపంచయుద్ధం ఎక్కడ మలుపు తిరిగిందని అడిగితే చాలామంది స్టాలిన్‌గ్రాడ్ పేరే చెబుతారు. 1943 ఫిబ్రవరి 2న అక్కడ మిగిలిన జర్మన్ సేనలు లొంగిపోయాయి కనుక ఆ మాట తోసిపుచ్చదగినది కాదు. నా మట్టుకు నాకు మాత్రం అసలు మలుపు అంతకు పద్నాలుగు నెలల ముందే, ఒక్క వారంలో కనిపిస్తుంది.

1941 డిసెంబరు 5న మాస్కో ముంగిట సోవియట్ సేనలు ఎదురుదాడి ప్రారంభించాయి. చలికాలపు దుస్తులైనా సరిగా లేని జర్మన్ సైన్యం వెనకడుగు వేసింది. 7న జపాను పెర్ల్ హార్బర్‌పై విరుచుకుపడింది. మరునాడు అమెరికా యుద్ధం ప్రకటించినది జపాను మీద మాత్రమే. ఇక 11న హిట్లర్ చేసిన పని నాకిప్పటికీ వింతగానే తోస్తుంది. అమెరికాపై తనంతట తానే యుద్ధం ప్రకటించాడు! 1940 నాటి త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం జపానుపై ఎవరైనా దాడి చేస్తేనే జర్మనీ సాయపడవలసి ఉంది. ఇక్కడ దాడి చేసినది జపానే కదా. మాస్కో చేజారిన వారమే, ప్రపంచంలోకెల్లా పెద్ద పారిశ్రామిక శక్తిని కోరి శత్రువును చేసుకున్నాడు. ఆ తరువాత జర్మనీ గెలిచే దారి ఏదీ నాకు కనబడదు.

అయితే ఇది ఈనాడు పటం ముందు పరచుకుని చెప్పగలిగే మాట. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను జపాను వశమయ్యాయి. రంగూను రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలెందరో ప్రాణాలు అరచేత పట్టుకుని స్వదేశానికి బయలుదేరారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. యుద్ధం నాలుగు నెలల క్రితమే మలుపు తిరిగిందని ఆనాడు విశాఖ రేవులో ఎవరితోనైనా అని ఉంటే, నమ్మేవారా?