పేరులేని శిల్పములు

శిల్పమనగనే మనకు దేవాలయ గోపురము తలపునకు వచ్చును. నీళ్లతొట్టిని మోయు కట్టడమును శిల్పమనిన నవ్వుదుము. అట్టివానినే నలువదియేండ్లకు పైగా ఛాయాచిత్రములు తీసిన దంపతులు జర్మనీలో నుండిరి. వారు బెర్న్‌ట్ బెహర్, హిల్లా బెహర్.

బెర్న్‌ట్ పుట్టిన సీగెన్ సీమ ఇనుప గనులకు పేరుపడినది. గనులు మూతపడి కట్టడములు కూలుచుండగా, ఆయన మొదట వానిని చేతితో గీయబూనెను. గీత ముగియకమున్నే కట్టడము నేలబడుచుండుటచే కెమెరా చేపట్టెను. 1959లో హిల్లా తోడైనది.

ఆ సీమలో గనిపనివారి యిండ్లు కొయ్యచట్రముతో కట్టినవి. ఇనుము కరగించుటకు బొగ్గు కావలెను, బొగ్గునకు కలప కావలెను. అందుచే ఇండ్లకు వాడు కలపను 1790లో నొక శాసనము పరిమితము చేసెను. బరువు మోయు కొయ్యయే మిగిలినది. నగిషీకి తావు లేదు. లేమి దిద్దిన అందమది.

మబ్బు కమ్మిన దినములందు, నీడ పడకుండ, మనుష్యులు లేకుండ తీసెడివారు. ఒకే జాతి కట్టడములను తొమ్మిదింటినో పదునైదింటినో వరుసలుగా గూర్చెడివారు. ఒక్కటి చూచిన అది ఇల్లే. తొమ్మిది చూచినచో, ఈ వడ్రంగి ఏటవాలు కొయ్య నిచ్చట నేల నిలిపెనని కన్ను వెదకును. వారి కళ పటమున గాక ఈ పోలికయందున్నది. కావుననే దానిని భావప్రధానకళ యనిరి.

1970లో వెలువడిన వారి గ్రంథమునకు 'పేరులేని శిల్పములు' అని నామము. 1990లో వెనిస్ ప్రదర్శనమున వారికి లభించిన బహుమానము సయితము శిల్పమునకే! ఇది వింతగా తోచవచ్చును గాని, నాకు న్యాయముగనే యున్నది.

బెర్న్‌ట్ 2007లోను, హిల్లా 2015లోను గతించిరి. వారు చిత్రించిన కట్టడములలో పెక్కు అంతకు ముందే కూల్చబడినవి.