అంతుచిక్కని దీర్ఘజ్వరం: కారణాన్ని వెదికే క్రమం

మూడు వారాలకు పైగా విడువక, పలుమార్లు 101 డిగ్రీల ఫారెన్‌హీటును మించుతూ, కారణం బయటపడని జ్వరాన్ని వైద్యశాస్త్రం ‘కారణం తెలియని జ్వరం’ అని వ్యవహరిస్తుంది. అమెరికా వైద్యులు పీటర్స్‌డార్ఫ్, బీసన్ 1961లో వందమంది రోగులను పరిశీలించి ఈ నిర్వచనాన్ని రూపొందించారు. వారం రోజులు ఆస్పత్రిలో ఉంచి పరీక్షించినా కారణం తేలకపోవాలన్నది వారి నియమం. 1991లో డురాక్, స్ట్రీట్ అనే వైద్యులు దానిని సవరించి, ఆస్పత్రిలో మూడు రోజుల పరీక్షలు గాని, వైద్యునివద్దకు మూడు పర్యాయాలు వెళ్లడం గాని చాలునన్నారు.

ఇట్టి జ్వరం వెనుక అరుదైన రోగమే ఉంటుందన్న భయం సహజమే గాని, సర్వసాధారణమైన వ్యాధి తన మామూలు లక్షణాలను చూపక మరుగున ఉండడమే తరచుగా జరుగుతుంది. మన దేశంలో అట్టివాటిలో మొదట తలచవలసినది క్షయ. దగ్గు, కళ్లె లేకపోయినంత మాత్రాన క్షయ కాదనుకోరాదు. మెడలో బిళ్లలు, వెన్నెముక, కడుపు, మెదడు పొరలు, ఎముకమజ్జ – ఎక్కడైనా అది చేరగలదు. శరీరమంతటా వ్యాపించిన క్షయలో సైతం తొలి రోజులలో ఛాతీ ఎక్స్‌రే నిర్దోషంగా కనిపించవచ్చు. కాలేయంలో చీముగడ్డ, గుండె కవాటాలకు సోకిన సూక్ష్మజీవులు, లింఫోమా వంటి క్యాన్సర్లు, లూపస్ మొదలైన రోగనిరోధక సంబంధ వ్యాధులు, హెచ్.ఐ.వి. కూడా ఈ జాబితాలోనివే. కొన్ని సందర్భాలలో వాడుతున్న మందే జ్వరానికి కారణమవుతుంది. వైద్యుడు దానిని ఆపించిన రెండు మూడు రోజులలో సాధారణంగా వేడి దిగిపోతుంది.

పరీక్షలకన్న ముందు రావలసినవి ప్రశ్నలు. సరిహద్దు గ్రామాల వారి విషయంలో వీటి విలువ ఇంతింత కాదు. ఒడిశాలోని కొరాపుట్, మల్కాన్‌గిరి, రాయగడ అటవీ ప్రాంతాలు ఫాల్సిపారం మలేరియాకు చిరకాలంగా నెలవులు. అక్కడి కూలిపనికో, పెండ్లికో వెళ్లివచ్చిన సంగతి చెప్పకపోతే వైద్యునికి ఆ ఆలోచన రాకపోవచ్చు. ఒక్క రక్తపు పూత పరీక్షలో మలేరియా కనబడనంత మాత్రాన అది లేదనరాదు. పరీక్షను మరల మరల చేయవలసి ఉంటుంది. చిత్తూరు, వేలూరు పరిసరాలలో వానాకాలం మొదలు చలికాలం వరకు స్క్రబ్ టైఫస్ ఎక్కువ. పొదలలో, గడ్డిలో ఉండే మిక్కిలి సూక్ష్మమైన పురుగుపిల్ల కుట్టినచోట నొప్పిలేని నల్లని పెచ్చు కడుతుంది. అది చంకలో, గజ్జలో, రొమ్ముకింద దాగి ఉంటుంది గనుక బట్టలు తొలగించి వెదకనిదే కనపడదు. ఆ పెచ్చు దొరికితే రోగ నిర్ధారణ దాదాపు జరిగినట్లే. డాక్సీసైక్లిన్‌తో చాలామందికి రెండు రోజులలో జ్వరం తగ్గుముఖం పడుతుంది.

గొర్రెలు, మేకలు, పశువులు ఉన్న ఇండ్లలో మరొక ప్రశ్న తప్పనిసరి: ఈమధ్య మందలో ఏదైనా ఈసుకుపోయిందా, దాని మాయను చేతితో తీశారా, పచ్చిపాలు తాగారా? అవునంటే బ్రూసెల్లోసిస్‌ను తలచాలి. దాని జ్వరం వచ్చిపోతూ, చెమటలతో, నడుమునొప్పితో నెలల తరబడి సాగుతుంది. మధుమేహం ఉండి వరిమడిలో పనిచేసేవారికి మెలియాయిడోసిస్ రావచ్చు. అది క్షయను పోలి ఉండి వైద్యులను సైతం పొరబడజేస్తుంది. రక్తాన్ని గాని, చీమును గాని కల్చర్ చేస్తేనే తేలుతుంది.

రక్తపు కల్చర్ పరీక్షకు నమూనాను యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. ఊరిలో నాలుగు సూదులు పడిన పిదప తీసిన నమూనాలో సూక్ష్మజీవులు పెరగకపోవచ్చు. విడాల్ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ అన్నంతనే టైఫాయిడ్ అని నిశ్చయించడం మన ప్రాంతాలలో చిరకాలపు దురలవాటు. పాత సోకుడు వలన, ఇతర జ్వరాల వలన కూడా ఆ ఫలితం రాగలదు. స్టెరాయిడ్ సూది మరింత ప్రమాదకరం. జ్వరం దిగి ఆకలి పుట్టినట్లుంటుంది గాని, లోపలి క్షయో, చీముగడ్డో ముదురుతుంది. లింఫోమా కణాలు తాత్కాలికంగా అణగి, ముక్క పరీక్షలో సైతం దొరకకుండా పోగలవు.

రోజుకు నాలుగు పర్యాయాలు థర్మామీటరుతో కొలిచి, మాత్ర వేసిన వేళతో సహా కాగితంపై వ్రాసి ఉంచితే వైద్యునికి మేలైన ఆధారం. పరీక్షల క్రమం సాధారణంగా రక్త, మూత్ర పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్‌తో ఆరంభమై, వాటిలో కనబడిన జాడనుబట్టి బిళ్లనుండి గాని ఎముకమజ్జనుండి గాని ముక్క తీసి పరీక్షించుట వరకు సాగుతుంది. ఏ జాడా లేకుండా ఖరీదైన స్కానింగ్‌లన్నీ ఒక్కసారే చేయించడం ధనవ్యయమే. శరీర పరీక్షను మాత్రం మరల మరల చేయాలి. మొదటి వారంలో లేని బిళ్ల మూడవ వారంలో చేతికి తగలవచ్చు.

ఒక రాష్ట్రంలో చూపించుకొని, అక్కడి కాగితాలను అక్కడే వదలి, సరిహద్దు దాటి మరొక వైద్యునివద్ద అంతా మొదటినుండి ప్రారంభించడం ఈ గ్రామాలలో సాధారణం. మందుల చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, వాడిన మందుల ఖాళీ అట్టలు ఒకే సంచిలో ఉంచుకొని పోవాలి. చీటీ ఏ భాషలో ఉన్నా మందుల పేర్లను వైద్యులు గుర్తించగలరు. క్షయ అని తేలినచో ప్రభుత్వ చికిత్స ఏ రాష్ట్రంలోనైనా ఉచితమే. పనికోసం వలస పోయినా దానిని అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు.

అన్ని పరీక్షలు చేసినా కొందరికి కారణం తేలదు. ఇట్టివారిలో పెక్కుమందికి జ్వరం కాలక్రమేణా దానంతటదే తగ్గిపోతుంది; అంతవరకు వైద్యుని పర్యవేక్షణ మానరాదు. అయితే మతి తప్పడం, మెడ బిగుసుకొనడం, ఫిట్స్, ఆయాసం, పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం, చర్మంపై రక్తపు చుక్కలు – వీటిలో ఏది కనిపించినా మూడు వారాల లెక్క చూడక ఆ రోజే పెద్దాస్పత్రికి చేర్చాలి.