మా ఇంట్లో ఇంగ్లీషు అమరం

అమెరికా చదువులకి జీఆర్ఈ అనే పరీక్ష ఉందని మన పేటల్లో పాలబ్బాయిక్కూడా తెలుసు. అది ఎవరి కోసం పుట్టిందో మాత్రం, పిల్లల్ని దానికి కూర్చోబెట్టే మనమే అడగం. 1936లో కార్నెగీ ఫౌండేషన్ వారూ, హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాల పెద్దలూ కలిసి ప్రయోగంగా మొదలుపెట్టారు. 1948లో ఈటీఎస్ సంస్థ చేతికి వెళ్ళింది. ఉగ్గుపాలతోనే ఇంగ్లీషు తాగినవాళ్ళని తూచడానికి కట్టిన త్రాసు అది. అందులో మన గుంటూరు పిల్లలూ తూగాలి మరి!

కుమ్మరికి కుండ అయితే, కంసాలికి ఏది? ఇదీ అందులో ఒక ప్రశ్న వరస. తెలుగులో అడిగితే బళ్ళో చేరని పిల్లైనా చెప్పేస్తుంది. ఇంగ్లీషు మాటే ఎరగకపోతే బుద్ధి ఎంతుండి ఏం లాభం? అందుకే అందరూ బ్యారన్స్ పుస్తకం మీద పడేవారు. వెనకాల 3500 మాటల పట్టిక. 1994లో మా అమ్మాయి పాత ప్రతి ఒకటి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చింది. అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. ఆ మాటలు వస్తే అమెరికా, రాకపోతే పెళ్ళిపీటలు.

తాతగారు అన్నయ్యలకి అమరకోశం వల్లె వేయిస్తుంటే, పూలు కడుతూ విని పట్టేసినదాన్ని నేను. అమరసింహుడు దయగలవాడండీ. స్వర్గం మాటలు ఒకచోట, అడవి మూలికలు ఒకచోట, మనుషులు ఒకచోట. ఒకటి తలుచుకుంటే పక్కవన్నీ వాటంతటవే లేచొస్తాయి. బ్యారన్స్ వారిది అక్షర క్రమం. ఏనుగు పక్కన ఏకుల బుట్ట! పట్టిక కట్టడంలో నా ఓటు అమరసింహుడికే.

అందుకని పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి, మితభాషులు ఒక కట్ట, వాగుడుకాయలు ఒక కట్ట, పిసినారులు ఒక కట్ట చేశాం. చారు పోపు వేస్తూ ఒప్పచెప్పించుకునేదాన్ని. మితభాషుల్లో 'లాకోనిక్' నాకిష్టం. గ్రీసులో లకోనియా సీమ, అంటే స్పార్టావాళ్ళు, అతి తక్కువ మాట్లాడేవారట. మాసిడోనియా రాజు ఫిలిప్పు, "మీ సీమకి వస్తే సర్వనాశనం చేస్తా" అని కబురంపితే, "వస్తే" అని ఒక్క మాట జవాబిచ్చారని కథ. అత్తవారిళ్ళలో ఎంత పనికొచ్చే విద్య! ఇక 'జగర్‌నాట్' అంటే అడ్డొచ్చిన ప్రతిదాన్నీ నలిపేసే శక్తిట. పూరీ జగన్నాథుడి రథాన్ని చూసి తెల్లవాళ్ళు చేసుకున్న మాట. స్వామికి పట్టిన గతి చూడండి!

2011 ఆగస్టులో ఆ పోలికలూ వ్యతిరేకపదాలూ పరీక్షలోంచి తీసేశారు. వాక్యంలో ఖాళీలు నింపడం మిగిలింది. 2023లో పరీక్షే రెండు గంటల లోపుకి కుదించారు. అయినా మాట రానిదే ఖాళీ నిండదు కదా!

మా అమ్మాయి వెళ్ళింది, చదివింది. అట్టముక్కలు నా బీరువాలోనే ఉన్నాయి. పెళ్ళితో ఆగిన చదువు మళ్ళీ మొదలెడతానంటోంది ఎదురింటి కోడలు. మొన్న మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక వచ్చి అడిగింది. ముందు వాగుడుకాయల కట్ట ఇచ్చాను.