బడిపిల్లల పత్రిక

గ్రంథాలయపు బల్లమీదికి అచ్చుపత్రిక లెన్నియో వచ్చును. చదువరులు చదువుదురు, మరునాటికి అవి పాతబడును. కాని బడిపిల్లలు తమ చేతులతో వ్రాసి కుట్టిన పత్రిక యొకటి అచట నుండిన, ఊరివారు దానిని వెదకి చదువుదురు. అందలి వ్రాతలు తమ బిడ్డలవి, అందలి వార్తలు తమ వీధివి. ఇట్టి పత్రికలకును చరిత్ర కలదు.

తెలుగువారిలో ఇందుకు చక్కని నిదర్శనము 'ఉదయభాను'. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసునుండి 'బాల' మాసపత్రికను వెలువరింపసాగిరి. ధవళేశ్వరమున పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 'అమ్మమాట వినకపోతే' ఆ యేడే అందు అచ్చుపడెను. అప్పటికి ఆతని వయస్సు 14 ఏండ్లు. ఆ యుత్సాహముతో రమణ తానే సంపాదకుడై 'ఉదయభాను'ను ఆరంభించెను. బొమ్మలు బాపువి. ప్రతులు పెంచుటకు వారొక సైక్లోస్టైలు యంత్రమును కొనిరి. ఆ సొమ్ముకై ప్రదర్శనలు నడిపిరి. పత్రిక యనగా వ్రాత మాత్రమే కాదు, జమాఖర్చును అందు భాగమే.

ఆ యంత్రపు కిటుకు సులభము. మైనపు పూతగల పలుచని కాగితముపై ఉక్కుమొన కలముతో వ్రాసిన, వ్రాసినచోట పూత తొలగును. సిరా ఆ గీతలగుండ దిగి క్రింది కాగితముపై అక్షరములై నిలుచును. ఒక్క కాగితమునుండి వందల ప్రతులు తీయవచ్చును. తప్పు పడిన దిద్దుట కష్టము. కావున ముందుగా చిత్తుప్రతి సరిచూచుకొనక తప్పదు. పిల్లలకు ఇంతకంటె మంచి వ్యాకరణపాఠము లేదు.

ఫ్రాన్సు దేశమున సెలెస్టిన్ ఫ్రెనే యను గ్రామోపాధ్యాయుడు మొదటి ప్రపంచయుద్ధమున ఊపిరితిత్తికి గాయమై, ఎక్కువసేపు మాటలాడలేకుండెను. 1924లో ఆయన చిన్న అచ్చుయంత్రమును బడికి తెచ్చి, పిల్లల ముచ్చటలను వారిచేతనే కూర్పించి అచ్చువేయించెను. ఆ పుటలను దూరపు బడికి పంపి, వారి పుటలను తెప్పించెను. తరువాత వేరొక యూర నొక విద్యార్థి తన కలను వ్రాసెను. ఆ కలలో ఊరి మేయరు చంపబడెను! అలజడి రేగి, 1933లో ఫ్రెనే ఆ బడిని విడువవలసివచ్చెను. 1935లో ఆయన సొంతబడి తెరచెను.

బిడ్డ మాట బిడ్డదిగా నుండవలెనా, పెద్దలకు నచ్చినట్లు మారవలెనా యను చిక్కు తెలుగుదేశమునను కలిగినదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' పత్రిక స్థాపించి, చదువు వాడుకభాషలో సాగవలెనని వాదించెను. గ్రాంథికమునందు మక్కువ గలవారును ఒక్క మాట ఒప్పుకొనక తప్పదు: వసుచరిత్ర చదువుటకు ముందు బిడ్డ తన యింటి ముచ్చటను నాలుగు పంక్తులలో వ్రాయగలుగవలెను. గురువు అక్షరదోషములు దిద్దవచ్చును. మనసులోని మాటను దిద్దరాదు.

రోలుగుంట పిల్లలును ఇట్టి పత్రిక వ్రాయవచ్చును. తొలకరి పడిన తేదీ, ధాన్యపు ధర, నర్సీపట్నపు ప్రయాణము, 1922–24 నాటి మన్యపు పితూరీనిగూర్చి తాతలనుండి వచ్చిన కథలు అందు చేరవచ్చును. ప్రతి సంచికకు తేదీ వేసి, ఒక ప్రతిని గ్రంథాలయమున భద్రపరచిన చాలును. మరి 25 ఏండ్లకు, స్వర్ణోత్సవమునాడు, ఊరి చరిత్ర వ్రాయువానికి ఆ పిల్లవ్రాతలే ఆధారములగును.