ధర్మాగ్రహము (క్రైస్తవ మతము)

క్రైస్తవ బోధనలో కోపము ఏడు ప్రధాన పాపములలో ఒకటి. అయినను అన్యాయమును చూచి కలుగు కోపము పాపము కాదని అనేక సంఘములు బోధించుచున్నవి. దీనినే ధర్మాగ్రహము అందురు.

బైబిలులో

దీనికి ఉదాహరణగా యేసు దేవాలయమునుండి వర్తకులను వెళ్ళగొట్టిన ఘట్టమును ఎక్కువగా చెప్పుదురు గాని, అచ్చట కోపము అను మాటయే లేదు. ఆ మాట స్పష్టముగా ఉన్నది మార్కు సువార్త 3:5లో. విశ్రాంతి దినమున ఊచచెయ్యి గలవానిని స్వస్థపరచుటకు ముందు, చూచుచున్నవారి హృదయ కాఠిన్యమునకు యేసు కోపముతో పాటు దుఃఖమును పొందెను. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక (4:26) కోపమును సూర్యాస్తమయము దాటనీయరాదని చెప్పును.

ఒక పదముపై భేదము

సహోదరునిపై కోపపడువాడు తీర్పునకు లోనగునని మత్తయి సువార్త 5:22 చెప్పును. అనేక గ్రీకు ప్రతులలో ఇచ్చట "నిర్నిమిత్తముగా" అను అర్థము గల "ఐకే" అను పదము ఉన్నది. 4వ శతాబ్దపు వాటికన్ ప్రతిలో లేదు. ఆ పదమున్నచో కారణము గల కోపమునకు చోటున్నట్లే. 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్లానువాదములో అది ఉండగా, 1881 నాటి సవరించిన అనువాదము దానిని అంచునకు మార్చెను.

ఆ పదము తరువాత చేర్చబడినదని 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కాసియన్ వాదించెను. కంటికి అడ్డుపెట్టిన రేకు బంగారమైనను సీసమైనను చూపు పోవునట్లే, కారణమేదైనను కోపము మనస్సును గ్రుడ్డిది చేయునని ఆయన వాదము. తన పాపములపై తాను కోపపడుటను మాత్రము అంగీకరించెను. 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్ ఇందుకు భిన్నముగా, వివేకమునకు లోబడి న్యాయము కోరు కోపము పాపము కాదనెను. కోపపడవలసినచోట కోపము లేకుండుటయు ఆయన దృష్టిలో దోషమే.