ఒక వైపే మిగిలిన ఉత్తరములు: డికెన్స్, బర్డెట్ కూట్స్, యురేనియా కాటేజి

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ (1812-1870), సంపన్న దాతయైన ఏంజెలా బర్డెట్ కూట్స్ (1814-1906) గారికి వ్రాసిన ఉత్తరములు 500కు పైగా మిగిలియున్నవి. ఆమె ఆయనకు వ్రాసినవి దాదాపు ఏవియు మిగులలేదు. 1860 సెప్టెంబరులో డికెన్స్ తనకు వచ్చిన ఉత్తరములను గాడ్స్ హిల్‌లోని తన ఇంటివద్ద తగులబెట్టెను. కాబట్టి ఈ స్నేహమును పరిశీలించు మనము ఒకరి మాటలనుండి ఇద్దరి మనస్సులను గ్రహించవలసియున్నది.

తాతయైన థామస్ కూట్స్ బ్యాంకు సంపద 1837లో ఆమెకు సంక్రమించెను. 1846 మే 26న డికెన్స్ ఆమెకు సుదీర్ఘమైన ఉత్తరము వ్రాసి, వీధులలోను చెరసాలలలోను చిక్కుకొనిన స్త్రీల కొరకు ఒక ఆశ్రయగృహమును ప్రతిపాదించెను. 1847 నవంబరులో లండనులోని షెపర్డ్స్ బుష్‌లో యురేనియా కాటేజి ప్రారంభమైనది. ఖర్చు ఆమెది, పర్యవేక్షణ ఆయనది. నార్ఫోక్ ద్వీపపు ఖైదీల మధ్య కెప్టెన్ మెకానకీ అమలుపరచిన మార్కుల పద్ధతిని డికెన్స్ ఇచ్చట ప్రవేశపెట్టెను. సత్ప్రవర్తన కనుపరచినవారిని ఆస్ట్రేలియా మొదలగు వలసప్రాంతములకు పంపిరి.

అయితే ఇద్దరి అభిప్రాయములు అన్నిట ఒకటి కాలేదు. ఈ స్త్రీల యెదుట వివాహమను నిరీక్షణ ఉండవలెనని డికెన్స్ వాదించెను. కూట్స్ గారు దీనిని సందేహించిరని ఆయన జవాబులే తెలుపుచున్నవి. భయపెట్టి కాక, ఆకర్షించి వారిని మంచి మార్గమునకు తేవలెనని 1847లో ఆయన వ్రాసెను. 1856లో వారి దుస్తుల విషయములోను మందమైన రంగులు వద్దని వాదించెను.

దీనినిబట్టి డికెన్స్ దయాళువు, కూట్స్ కఠినురాలు అని తీర్మానించుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆమె చెప్పిన కారణములు మంటలో పోయినవి. ఆమె ధనమును ఓర్పును మాత్రము సంవత్సరముల తరబడి ఆ గృహమును నిలిపినవి. 1858లో డికెన్స్ తన భార్య కేథరిన్‌ను విడిచినప్పుడు, వారిని సమాధానపరచుటకు కూట్స్ గారు ప్రయత్నించిరి. ఆయన అంగీకరించలేదు. ఆ తరువాత ఈ సహవాసము సన్నగిల్లెను.

మూడవ స్వరము ఇంకను లోతుగా మరుగైనది. ప్రతి స్త్రీ తన గతమును డికెన్స్‌కు చెప్పగా ఆయన ఒక పుస్తకములో వ్రాసికొనెను. పిమ్మట ఆమె దానిని మరెవరికిని చెప్పకూడదు. ఆ పుస్తకము నేడు లేదు. 1853లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారము, అప్పటివరకు ప్రవేశించిన 56 మందిలో 30 మంది విదేశములలో మంచి జీవనమునకు చేరిరి. వారిలో 7గురు వివాహితులు. ఈ అంకెలు మిగిలినవి గాని, ఆ స్త్రీల సొంత మాటలు బహు స్వల్పముగా మిగిలినవి.

పరిచర్య చరిత్రను వ్రాయునప్పుడు దాత ఉత్తరములను, నిర్వాహకుని నివేదికలను భద్రపరచుట మనకు అలవాటు. ఆశ్రయము పొందినవారి సాక్ష్యమును వారి అనుమతితో అంతే శ్రద్ధగా భద్రపరచనియెడల, మనము వ్రాయునదియు ఒక వైపు ఉత్తరమే అగును.