దూబగుంట పాఠం

ఉద్యమవార్త నేడు చరవాణిలో క్షణాలలో వ్యాపిస్తున్నది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా స్త్రీలకు ఆ సాధనం లేదు. రాత్రిబడి, వాచకం ఉండేవి. అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని ఒక పాఠంలో స్త్రీలు ఏకమై సారా అంగడిని మూయిస్తారు. దూబగుంట మహిళలు దానిని ఆచరణలో పెట్టారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. వారి విజయం మరొక పాఠమై ఇతర గ్రామాల రాత్రిబడులకు చేరింది. 1992లో స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది.

రాష్ట్రం వెలుపల తెలుగు బడులను నిలుపుకొంటున్న మనం ఈ చరిత్రను మరువరాదు. తన కష్టాన్ని తన భాషలో చదువుకొన్నవారికి నలుగురిని కూడగట్టే మాట దొరుకుతుంది.